కారు ఎయిర్ ఫిల్టర్: ఉతికి వాడే కాటనా, మార్చేసే పేపరా? ఎలా తేల్చుకోవాలి

ఒక లీటరు పెట్రోలు మండాలంటే దాదాపు 9,000 లీటర్ల గాలి కావాలి. బరువు లెక్కలో చూస్తే ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి. 40 లీటర్ల ట్యాంకు ఖాళీ అయ్యేసరికి మూడున్నర లక్షల లీటర్ల పైచిలుకు గాలి ఆ చిన్న ప్లాస్టిక్ పెట్టెలోంచి ఇంజిన్‌లోకి పోయి ఉంటుంది. దాంతో పాటు వచ్చే దుమ్మును ఆపేది ఒకే ఒక్క ఫిల్టర్. కొనేటప్పుడు మాత్రం అందరూ అది ఎంత గాలి వదులుతుందనే అడుగుతారు. ఎంత దుమ్ము వదిలేస్తుందో అడగరు. కాటనా పేపరా అన్నది తేలేది ఈ రెండో ప్రశ్నతోనే.

ఇక్కడ చెప్పేదంతా ఇంజిన్ ఫిల్టర్ గురించి. ఏసీ గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ వేరు, చాలా కార్లలో అది గ్లవ్ బాక్స్ వెనకాల ఉంటుంది.

రెండూ దుమ్మును పట్టే తీరు

ఫిల్టర్ అంటే జల్లెడ లాంటిదని అనుకుంటాం. జల్లెడలో కన్నం కంటే పెద్దది పైన ఆగుతుంది, చిన్నది కిందికి రాలుతుంది. ఎయిర్ ఫిల్టర్ పని అంత సూటిగా ఉండదు. గాలి పోగుల మధ్య మెలికలు తిరుగుతూ పోతుంది. కాస్త బరువున్న నలుసు ఆ మలుపు తిరగలేక పోగుకు గుద్దుకుంటుంది. మరీ సన్న నలుసులు గాలిలో అటూ ఇటూ తూలుతూ వెళ్లి ఏదో ఒక పోగుకు తగులుతాయి. అందుకే ఖాళీ కంటే చిన్న నలుసు కూడా దొరికిపోతుంది. తగిలిన నలుసు మళ్లీ ఊడిపోకుండా పట్టి ఉంచడమే అసలు కిటుకు. పేపరు, కాటన్ వేరుపడేది అక్కడే.

పేపరు ఫిల్టర్‌లో సన్నటి పోగులు దట్టంగా అల్లుకుని ఉంటాయి. రెజిన్ పట్టించి గట్టిపరిచిన ఆ కాగితాన్ని విసనకర్రలా మడతలు పెట్టి, చుట్టూ మెత్తని పాలీయురేథేన్ అంచు పోస్తారు. దుమ్ము పైపైనే పేరుకుంటుంది. పేరుకున్న ఆ పొర కూడా వడపోతలో పాలుపంచుకుంటుంది. కాబట్టి కొత్త పేపరు కంటే కొన్ని వేల కిలోమీటర్లు తిరిగిన పేపరే దుమ్మును బాగా ఆపుతుంది. కాస్త నల్లబడిందని గడువుకు ముందే పీకి పారేస్తే డబ్బు పోవడమే కాదు, బాగా పనిచేస్తున్న ఫిల్టర్‌ను పోగొట్టుకున్నట్టు.

కాటన్ ఫిల్టర్‌లో ఉండేది గాజుగుడ్డ లాంటి పల్చని నూలు గుడ్డ. దాన్ని నాలుగు నుంచి ఆరు పొరలు వేసి, రెండు వైపులా తీగ జాలీ పెట్టి మడతలు తిప్పుతారు. పొడిగా ఉన్నప్పుడు వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే కన్నాలు కంటికే కనిపిస్తాయి. ఆ గుడ్డకు జిడ్డు నూనె పట్టిస్తేనే అది ఫిల్టర్ అవుతుంది. నలుసు నూనెకు అంటుకుంటుంది, ఆ తర్వాత నూనె ఆ నలుసు మీదికి కూడా పాకి తర్వాత వచ్చేవాటిని పడుతుంది. దుమ్మును పట్టేది నూనె, ఆ నూనెను నిలబెట్టేది నూలు. నూనె తక్కువైన కాటన్ ఫిల్టర్ పెట్టుకుని తిరగడం దోమతెరతో నీళ్లు మోసినట్టే.

ఇంజిన్‌కు ఎక్కువ కీడు చేసేవి కంటికి కనిపించే ఇసుక రేణువులు కావు. సుమారు 5 నుంచి 20 మైక్రాన్ల నలుసులు. తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది, దాన్ని బట్టి ఊహించుకోండి. పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య ఉండే ఆయిల్ పొరలో ఇవి సరిగ్గా ఇరుక్కుని గీకుతాయి. దుమ్ములో ఉండే సిలికా, గట్టిదనాన్ని కొలిచే మోస్ కొలమానంలో 7, అంటే పోత ఇనుము కంటే, పిస్టన్ అల్యూమినియం కంటే గట్టిది. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని బలంగా నెట్టే పంకా) ఉన్న కారైతే నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే కంప్రెసర్ రెక్కలకు ఈ నలుసులే మొదట తగులుతాయి.

డబ్బా మీద అంకెను తిరగేసి చదవండి

ఒక డబ్బా మీద 97 శాతం అని ఉంటుంది, పక్కదాని మీద 99.5 అని ఉంటుంది. రెండూ నూటికి నూరుకు దగ్గరే కదా అనిపిస్తుంది. 100 లోంచి తీసివేసి చూడండి. వంద గ్రాముల దుమ్ములో మొదటిది 3 గ్రాములు లోపలికి పంపిస్తుంది, రెండోది అర గ్రాము. ఆరు రెట్ల తేడా! నూనె పట్టించిన కాటన్ ఫిల్టర్లకు తయారీదారులు చెప్పుకునే అంకె సాధారణంగా 96 నుంచి 99 మధ్య ఉంటుంది. మంచి పేపరు ఫిల్టర్ 99 దాటుతుంది.

అంకె ఏ పరీక్షలో వచ్చిందో కూడా చూడాలి. ఎయిర్ ఫిల్టర్లకు వాడే పరీక్ష ఐఎస్ఓ 5011. తెలిసిన బరువు దుమ్మును తెలిసిన వేగంతో గాలిలోకి వదిలి, ఫిల్టర్ దాటి ఎంత పోయిందో తూచే పద్ధతి అది. అందులో వాడే దుమ్ముకు కూడా ఐఎస్ఓ 12103-1 అనే ప్రమాణం ఉంది, దాంట్లో సన్నది, ముతకది అని రకాలున్నాయి. ముతక దుమ్ముతో పరీక్షిస్తే ఏ ఫిల్టర్ అయినా పెద్ద మార్కులు తెచ్చుకుంటుంది. కాబట్టి ముతక దుమ్ముతో వచ్చిన 98ని సన్న దుమ్ముతో వచ్చిన 98 పక్కన పెట్టి పోల్చకండి. ఏ అంకే లేకుండా "50 శాతం ఎక్కువ గాలి" అని మాత్రమే రాసుకున్న డబ్బాను అక్కడే వదిలేయండి.

ఎక్కువ గాలి వల్ల ఒరిగేదెంత

1.2 లీటర్ల ఇంజిన్‌ను 6,000 ఆర్‌పీఎం దగ్గర పూర్తి యాక్సిలరేటర్‌తో తిప్పితే నిమిషానికి మూడు వేల లీటర్ల చిల్లర గాలి పీలుస్తుంది. కంపెనీ పెట్టిన పేపరు ఫిల్టర్‌ను ఆ ప్రవాహానికి చాలేలా, మధ్యలో పట్టే దుమ్మును కూడా లెక్కేసుకునే కొలిచి పెడతారు. ఉదాహరణకు పేపరు దగ్గర ఒత్తిడి 1 కిలోపాస్కల్ తగ్గి, కాటన్ దగ్గర 0.6 తగ్గిందనుకుందాం. బయటి గాలి ఒత్తిడి 101 కిలోపాస్కల్స్. మిగిలింది 0.4, అంటే అర శాతం కూడా కాదు. 80 హార్స్‌పవర్ ఇంజిన్‌లో అది హార్స్‌పవర్‌లో మూడో వంతు. కాలికి తెలిసే తేడా కాదు. అదైనా పెడల్ పూర్తిగా తొక్కినప్పుడే.

మామూలుగా నడిపేటప్పుడు ఆ మాత్రం కూడా ఉండదు. పెట్రోలు ఇంజిన్‌లో గాలికి పెద్ద అడ్డం థ్రాటిల్ రేకు. ఫిల్టర్ కాస్త బిగుతుగా ఉంటే మీ కాలు తెలియకుండానే ఇంకో మిల్లీమీటరు నొక్కుతుంది, రేకు ఆ మేరకు తెరుచుకుంటుంది, లెక్క సరిపోతుంది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ 2009లో చేసిన పరీక్షల్లో ఇదే తేలింది. కంప్యూటరుతో నడిచే ఫ్యూయెల్ ఇంజెక్షన్ కార్లలో బాగా మూసుకుపోయిన ఫిల్టర్‌ను మార్చినా మైలేజీ పెరగలేదు. పికప్ మాత్రం 6 నుంచి 11 శాతం దాకా మెరుగైంది. పాత కార్బురేటర్ కార్లలో మైలేజీ 2 నుంచి 6 శాతం పెరిగింది. మూసుకుపోయిన ఫిల్టర్‌కూ కొత్తదానికీ మధ్యే తేడా ఇంత అయితే, కొత్త పేపరుకూ కొత్త కాటన్‌కూ మధ్య మైలేజీ తేడా వెతకడం దండగ. 

కాటన్ ఫిల్టర్‌కు పేరొచ్చింది రేసుల్లో. రేసు ఇంజిన్‌ను విప్పి రింగులు మార్చడం మామూలే. మీ ఇంజిన్ రెండు లక్షల కిలోమీటర్ల దాకా విప్పకుండా నడవాలి. రెండింటి అవసరాలూ ఒకటి కావు.

బానెట్ కింద తెరిచి పెట్టే కోన్ ఆకారపు ఫిల్టర్ సంగతి ఇంకో రకం. కంపెనీ పెట్టె బయటి చల్లగాలిని గొట్టంతో తెచ్చుకుంటుంది, కోన్ ఇంజిన్ పక్కనున్న వేడి గాలిని పీలుస్తుంది. గాలి వేడి 10 డిగ్రీలు పెరిగితే సాంద్రత సుమారు 3 శాతం పడిపోతుంది. పైన లెక్కేసిన అర శాతం లాభం ఎప్పుడో ఆవిరైపోయిందన్నమాట. పెరిగేది చప్పుడే, ఆ చప్పుడునే చాలామంది పవర్ అనుకుంటారు.

మీ కారులో ఏ సెన్సర్ ఉందో చూసుకోండి

ఫిల్టర్ పెట్టె నుంచి ఇంజిన్ వైపు పోయే గొట్టాన్ని చూడండి. పెట్టె దాటగానే ఆ గొట్టం మీద మూడు నుంచి ఆరు వైర్ల ప్లగ్ ఉంటే అది చాలావరకు మాఫ్ సెన్సర్, అంటే వచ్చే గాలి బరువు కొలిచేది. రెండే వైర్లుంటే గాలి వేడిని చూసేది మాత్రమే. గొట్టం మీద పెద్ద ప్లగ్ లేకుండా, థ్రాటిల్ దాటాక మానిఫోల్డ్ (గాలిని సిలిండర్లకు పంచే గొట్టాల గుత్తి) మీద సెన్సర్ కనిపిస్తే అది మ్యాప్, గాలి ఒత్తిడి కొలుస్తుంది. టర్బో డీజిళ్లలో తరచుగా రెండూ ఉంటాయి.

మాఫ్‌లో వేడెక్కిన సన్న తీగో, పల్చని రేకో ఉంటుంది. గాలి దాన్ని చల్లబరిచే తీరును బట్టి ఎంత గాలి వస్తోందో కంప్యూటర్ లెక్కేస్తుంది. కాటన్ ఫిల్టర్‌కు నూనె ఎక్కువ పోస్తే తుంపర కొట్టుకొచ్చి ఆ తీగకు పడుతుంది, దాని మీద దుమ్ము అంటుతుంది. అప్పుడది వస్తున్న గాలి కంటే తక్కువ చూపిస్తుంది, పెట్రోలు తక్కువ పడుతుంది. బండి తొక్కగానే ఒక్క క్షణం తడబడుతుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది, స్కానర్ పెడితే పి0171 గానీ పి0101 గానీ అనే లోపం కోడ్ కనిపిస్తుంది. మ్యాప్ మాత్రమే ఉన్న కారుకు ఈ బెడద లేదు. వారంటీలో ఉన్న మాఫ్ కారుకైతే వారంటీ పుస్తకంలో బయటి విడిభాగాల గురించి ఏం రాశారో చదవకుండా కాటన్ జోలికి పోకండి.

ఖర్చు లెక్క ఇలా వేయండి

"జీవితాంతం వాడుకోవచ్చు" అన్న మాటను పక్కన పెట్టి, అన్నింటినీ పేపరు ఫిల్టర్లలోకి మార్చండి. కాటన్ ఫిల్టర్ ధర ఎన్ని పేపరు ఫిల్టర్లకు సమానం? క్లీనర్, నూనె ఉన్న కిట్టు ఎన్నింటికి సమానం, అది ఎన్ని ఉతుకులకు వస్తుంది? కాటన్ 5 పేపర్లకు, కిట్టు 2 పేపర్లకు సమానమని, ఒక కిట్టు 4 ఉతుకులకు వస్తుందని అనుకుందాం. మీ రోడ్ల మీద పేపరు 20,000 కి.మీ.కు మార్చాలి, కాటన్ కూడా 20,000కు ఉతకాలి. 1,80,000 కి.మీ. తిరిగేసరికి 9 పేపర్లు అవుతాయి. కాటన్‌కైతే ఒక ఫిల్టర్, ఎనిమిది ఉతుకులు, రెండు కిట్లు: 5 ప్లస్ 4, అదీ 9. అంటే 1,80,000 దగ్గరే సమానం, లాభం ఆ తర్వాతే మొదలు. ఏడాదికి 12,000 కి.మీ. నడిపేవారికి 15 ఏళ్లు, 60,000 నడిపేవారికి 3 ఏళ్లు. మీ అంకెలు వేసి చూసుకోండి. మీరు ఉతకడానికి వెచ్చించే పూట ఈ లెక్కలో లేదు.

కే అండ్ ఎన్ లాంటి పేరున్న కాటన్ కంపెనీలు మంచి రోడ్ల మీద 80,000 కి.మీ. దాకా ఉతకనక్కర్లేదని చెబుతాయి. అది పై హద్దు. మట్టి రోడ్లు, కట్టడాల దుమ్ము ఉంటే ఆ అంకెను మరిచిపోయి, 10,000కు ఒకసారి తెరిచి చూడండి.

ఇక తేల్చుకోండి

రోజూ దుమ్ము రోడ్ల మీద తిరిగేవారు పేపరే పెట్టుకోవాలి. ఇక్కడ చాలామంది తిరగబడి ఆలోచిస్తారు: దుమ్ము ఎక్కువ కాబట్టి ఉతికి వాడేదైతే కలిసొస్తుందని. దుమ్ము ఎక్కువైన చోటే ఆ 3 గ్రాములకూ అర గ్రాముకూ తేడా ఇంజిన్‌ను తినేది. పేపరు తొందరగా నిండితే తొందరగా మార్చండి, అంతే.

టర్బో డీజిల్, మాఫ్ సెన్సర్, వారంటీ: ఈ మూడింట్లో ఏ రెండు ఉన్నా పేపరే. సర్వీసంతా వేరేవాళ్ల చేతికి అప్పగించేవారికీ పేపరే, ఎందుకంటే కాటన్ ఫిల్టర్‌ను సరిగ్గా ఆరబెట్టే ఓపిక రద్దీగా ఉండే వర్క్‌షాపులో ఉండదు. తడిదో, నూనె కారేదో తిరిగి పెట్టేస్తారు.

కాటన్ ఎవరికి పనికొస్తుందంటే, ఏడాదికి చాలా దూరం నడుపుతూ, ఎక్కువగా శుభ్రమైన హైవేల మీదే తిరుగుతూ, తన చేత్తో ఉతికి తన కళ్లతో నూనె రంగు చూసుకునే మనిషికి. ఆ కారుకు సరైన పేపరు దొరకడమే కష్టమైన పాత మోడల్ అయినా సరే. పేపరు తడిస్తే ఉబ్బి గాలి ఆపేస్తుంది, కాటన్ దానికి కాస్త తట్టుకుంటుంది, అదీ దాని వైపు ఒక మార్కు.

నూనె అక్కర్లేని, ఉతికి వాడే సింథటిక్ పొడి ఫిల్టర్లు కూడా వస్తున్నాయి. మాఫ్ భయం ఉండదు. వాటికీ అదే పరీక్ష: డబ్బా మీద అంకె, ఏ దుమ్ముతో వచ్చిందో.

పేపరు కొనేటప్పుడు చూడాల్సినవి

చవక పేపరు మంచి కాటన్ కంటే ఘోరంగా ఉండొచ్చు. పాతదాన్ని వెంట తీసుకెళ్లి పక్కపక్కన పెట్టి మడతలు లెక్కపెట్టండి. కొత్తదానిలో బాగా తక్కువ ఉంటే కాగితం మిగుల్చుకున్నారని అర్థం. మడతలు సమదూరంలో నిటారుగా ఉండాలి, రెండు మూడు ఒకదానికొకటి అతుక్కోకూడదు. అంచును గోటితో నొక్కితే మెత్తగా లోపలికి పోయి తిరిగి రావాలి. మడతల చివర్లలో, అంచుతో కలిసేచోట జిగురు ఎక్కడైనా దాటిపోయిందేమో చూడండి. ఆ సన్న సందు చాలు, మిగతా ఫిల్టర్ అంతా వృథా.

బిగించే పద్ధతి

ఇంజిన్ ఆపి, చల్లారనివ్వండి. పెట్టె తెరవకముందే దాని మీద ఉన్న మట్టిని తడిగుడ్డతో తుడవండి, లేకపోతే తెరవగానే అదే లోపలికి రాలుతుంది. క్లిప్పులైతే చేత్తో వస్తాయి, స్క్రూలైతే స్టార్ గానీ టోర్క్స్ గానీ స్క్రూడ్రైవర్ కావాలి. మాఫ్ వైరు బిగుతుగా లాగుతుంటే ప్లగ్ లాకు నొక్కి ఊడదీయండి, వైరు పట్టుకుని గుంజకండి. పాత ఫిల్టర్ ఏ వైపు తిరిగి ఉందో ఫోను ఫోటో తీసుకుంటే తర్వాత తికమక ఉండదు.

ఫిల్టర్ తీశాక తెల్లని పొడి గుడ్డను వేలికి చుట్టి, ఇంజిన్ వైపు పోయే గొట్టం లోపల తుడిచి చూడండి. సెన్సర్‌కు తగలకుండా జాగ్రత్త. గుడ్డ తెల్లగానే వస్తే ఇప్పటిదాకా వాడిన ఫిల్టర్ తన పని చేసింది. గోధుమ రంగు మరక వచ్చి, దాన్ని రెండు వేళ్ల మధ్య రుద్దితే గరగరలాడితే దుమ్ము దాటిపోతోంది. ఇంజిన్ ఆవిరి వల్ల కొద్దిగా జిడ్డు ఉండటం మామూలే. చూడాల్సింది గరుకు ఉందా లేదా అనే.

పెట్టె కింది భాగంలో చేరిన ఆకులు, పురుగులు ఏరేసి, నీళ్లు పోయే చిన్న రంధ్రం మూసుకుపోకుండా చూడండి. కొత్త ఫిల్టర్‌ను గాడిలో నాలుగు మూలలా వేళ్లతో నొక్కి కూర్చోబెట్టండి. మూతకు వెనక నాలుకలుంటే ముందు అవి దూర్చి, తర్వాత క్లిప్పులు వేయాలి. క్లిప్పు పడటానికి బలం వాడాల్సి వస్తే ఫిల్టర్ గాడిలో లేదని అర్థం. తీసి మళ్లీ పెట్టండి.

కాటన్ ఫిల్టర్ రబ్బరు అంచు మీ పెట్టెకు సరిపోయిందో లేదో ఊహించుకోకండి. అంచు చుట్టూ గ్రీజును సన్నని గీతలా రాసి, మూత వేసి క్లిప్పులు పెట్టి, మళ్లీ తెరవండి. మూత అంచు మీద గ్రీజు గీత ఎక్కడా తెగకుండా పూర్తి చుట్టు పడాలి. ఎక్కడైనా తెగితే అక్కడ సందుంది, ఆ ఫిల్టర్‌ను తిరిగిచ్చేయండి. 

కాటన్ ఫిల్టర్ ఉతకడం

ఉతికే రోజుకు ఒక పేపరు ఫిల్టర్ చేతిలో ఉంచుకోండి. ఆరేలోపు బండి తీయాల్సి వస్తే ఫిల్టర్ లేకుండా ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు.

1. మెత్తని బ్రష్‌తో మడతల మీద పేరుకున్న మట్టిని దులపండి. కొట్టకండి.
2. ఆ ఫిల్టర్ కోసమే అమ్మే క్లీనర్‌ను రెండు వైపులా బాగా తడిసేలా కొట్టి, నీడలో 10 నిమిషాలు వదిలేయండి. ఫిల్టర్ మీదే ఎండిపోనివ్వకండి, మురికి మళ్లీ పట్టేస్తుంది.
3. మామూలు కుళాయి ధారతో, చల్లటి నీటితో, శుభ్రమైన వైపు నుంచి మురికి వైపుకు కడగండి. మురికి వైపు నుంచి కడిగితే మురికి లోపలి పొరల్లోకి దిగుతుంది. కార్లు కడిగే ప్రెషర్ వాషర్ వద్దు.
4. కారే నీళ్లు తేటగా వచ్చేదాకా మళ్లీ క్లీనర్, మళ్లీ నీళ్లు.
5. మెల్లగా విదిలించి, గాలి తగిలేచోట నిలబెట్టి ఆరనివ్వండి. ఒక రాత్రి పూర్తిగా, తేమ ఎక్కువున్న రోజుల్లో 24 గంటలు. హెయిర్ డ్రయ్యర్, హీటర్ వాడితే నూలు ముడుచుకుంటుంది. కంప్రెసర్ గాలి కొడితే పోగులు పక్కకు జరిగి కన్నాలు పెద్దవవుతాయి.
6. నూనె ఎంతో కిట్టు మీద మి.లీ.లలో రాసి ఉంటుంది, ఫిల్టర్ సైజును బట్టి మారుతుంది. పిండే సీసా అయితే ప్రతి మడత శిఖరం వెంట ఒకే ఒక్క గీత, ఒకే ఒక్కసారి. 20 నిమిషాలు ఆగండి, నూనె తనంతట తాను గుడ్డలోకి పాకుతుంది. తర్వాత రెండు వైపులా చూసి, తెల్లగా మిగిలిన చోట్ల మాత్రమే చుక్క వేయండి.
7. ఇంకో గంటా రెండు గంటలు వదిలి, అంచున చేరిన నూనెను టిష్యూతో అద్దండి. ఒక మడత మీద టిష్యూ ఆనిస్తే రంగు మరక పడాలి. టిష్యూ నానిపోతే ఎక్కువైనట్టు.

ఆ నూనెకు ఎరుపో నీలమో రంగు కలిపేది అందం కోసం కాదు, ఎక్కడ పట్టిందో ఎక్కడ పట్టలేదో మీకు కనిపించాలని. తడి ఉన్నచోట నూనె పట్టదు, ఆ మచ్చ తెల్లగా మిగిలిపోతుంది. ఐదో అడుగులో తొందరపడితే బయటపడేది ఆరో అడుగులోనే.

ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రేలు దీనికి బదులు కావు. అవి గుడ్డలో నిలవవు, గాలితో కొట్టుకుపోతాయి. పెట్రోలుతో, కిరోసిన్‌తో కడిగితే రబ్బరు అంచు ఉబ్బి వంకరపోతుంది. అంచు పగిలినా, జాలీ తుప్పు పట్టినా, మడతలు వంగినా ఆ ఫిల్టర్ ఆయుష్షు తీరినట్టే, డబ్బా మీద ఏం రాసున్నా సరే.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

నూనె ఎక్కువైతే మాఫ్ ఉన్న కారు లైటు వేసి చెబుతుంది. మాఫ్ క్లీనర్ స్ప్రేతో, తీగను తాకకుండా కడిగి, పూర్తిగా ఆరాక బిగిస్తే చాలావరకు సరైపోతుంది. కార్బురేటర్ క్లీనర్, బ్రేక్ క్లీనర్ మాత్రం వాడొద్దు, సెన్సర్ చెడుతుంది. నూనె తక్కువైతే ఏ లైటూ వెలగదు. బండి హాయిగా నడుస్తుంది, నిజానికి ఇంకాస్త తేలిగ్గా ఊపిరి పీలుస్తుంది. లోపల రింగులు అరుగుతూనే ఉంటాయి. అందుకే రెండింట్లో భయపడాల్సింది రెండోదానికి.

పేపరు విషయంలో పెద్ద తప్పు కంప్రెసర్ గాలితో ఊదడం. సర్వీసులో అలవాటుగా చేసేస్తారు. దుమ్ము ఎగిరిపోవడం కనిపిస్తుంది కాబట్టి మేలు చేసినట్టే ఉంటుంది, కాగితంలో పడ్డ సన్న చిరుగులు మాత్రం కనిపించవు. ఆకులూ పురుగులూ ఉంటే నేల మీద మెల్లగా తట్టి రాల్చండి, అంతకు మించి వద్దు. పేపరును నీటితో కడగడం అసలు ఆలోచించాల్సిన పనే కాదు.

అనుమానమొస్తే చీకట్లో పేపరు వెనక టార్చి పెట్టి చూడండి. వెలుతురు మసకగా, సమంగా రావాలి. సూది మొనంత చుక్క తళుక్కుమంటే చిరిగింది, పారేయండి. ఎక్కడా వెలుతురే రాకపోతే నిండిపోయింది. ఈ పరీక్షను కాటన్ మీద చేయకండి, బాగున్న కాటన్‌లో కూడా చుక్కలు కనిపిస్తాయి.

కొత్తది ఏది పెట్టినా 500 కి.మీ. తర్వాత ఒకసారి తెరిచి ఆ తెల్లగుడ్డ పరీక్ష మళ్లీ చేయండి. గరుకు తగిలితే ముందు అంచు, తర్వాత క్లిప్పులు, ఆ తర్వాత పెట్టెకూ థ్రాటిల్‌కూ మధ్య ఉన్న రబ్బరు గొట్టం ముడతల్లో పగుళ్లు, ఈ వరసలో వెతకండి. చాలాసార్లు తప్పు ఫిల్టర్‌ది కాదు, వదులైన గొట్టం క్లాంపుది. ఇంజిన్ ఆయిల్‌ను ల్యాబుకు పంపే వీలుంటే ఒకసారి పేపరుతో, తర్వాత ఒకసారి కాటన్‌తో సమాన దూరం నడిపి ఆయిల్‌లో దుమ్ము చేరిందని చెప్పే సిలికాన్ పీపీఎం (పది లక్షల్లో ఎన్ని పాళ్లు) అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. కొత్త ఇంజిన్‌లోనో, ఈమధ్యే విప్పి సీలెంటు పూసిన ఇంజిన్‌లోనో ఆ అంకె సీలెంటు వల్ల కూడా పెరుగుతుంది కాబట్టి, కనీసం రెండు ఆయిల్ మార్పులు దాటాకే దాన్ని లెక్కలోకి తీసుకోండి.